ఇంటి అప్పు తొందరగా తీర్చాలనుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చేతికొచ్చిన బోనస్ మొత్తాన్ని ఇంటి అప్పుకు కట్టేసి, ఆపైన మీ ఇద్దరిలో ఒకరి జీతాన్ని పూర్తిగా దానికే మళ్ళించి, ఇరవై ఏళ్ల అప్పును ఎనిమిదేళ్లలో వదిలించుకోవాలని నువ్వూ అల్లుడుగారూ అనుకుంటున్నారని రాశావు. చివర్లో, పిల్లవాడి కోసం జీతం తగ్గినా పనిగంటలు తక్కువుండే ఉద్యోగానికి మారవచ్చునా అని కూడా అడిగావు. వాటిని రెండు ప్రశ్నలుగా రాశావు గాని, నాకు మాత్రం రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

ముందు లెక్క చూద్దాం. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో లక్ష తీసుకుంటే నెలవాయిదా సుమారు 900 అవుతుంది. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోయి, అసలుకు జమయ్యేది 150 మాత్రమే. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టి, సగం దూరం వచ్చేశామనుకుని చూసుకుంటే, ఇంకా 71 వేల అసలు మిగిలే ఉంటుంది. అందుకే తొలి ఏళ్లలో అదనంగా కట్టే సొమ్ముకు బలం ఎక్కువ. వాయిదా మార్చకుండా గడువు తగ్గించుకుంటే, మొదటి ఏడాది చివర కట్టిన పది వేలు చిట్టచివరి వాయిదాల్లో దాదాపు 55 వేలను కొట్టివేస్తాయి. అదే పది వేలు పదిహేనో ఏడు చివర కడితే కొట్టివేసేది 15,600 పైచిలుకే. ఏటా ఒక్క వాయిదా అదనంగా కట్టినా అప్పు సుమారు మూడున్నర ఏళ్ల ముందే తీరిపోతుంది. కాబట్టి నీ తొందరను నేను తప్పుపట్టను. అయితే కట్టే ప్రతిసారీ ఆ సొమ్మును అసలుకే జమ చేసి గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడుగు, ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందేమో ఒప్పంద పత్రంలో చూసుకో.

ఇక నా పొరపాటు సంగతి. మా అప్పు రోజుల్లో నేనొక నోటుపుస్తకంలో నెలనెలా మిగిలిన అసలును ఎర్ర సిరాతో రాసుకునేవాణ్ణి, ఆ అంకె తరగడం చూసుకోవడం నాకొక వ్యసనమైపోయింది. ఒక ఏడాది దాచుకున్నదంతా ఊడ్చి కట్టేసి, ఆ పేజీని మీ పెద్దమ్మకు గర్వంగా చూపించాను. ఆవిడ పేజీ వంక చూడకుండా, “మరి ఇంట్లో ఎంత మిగిలింది?” అని మాత్రం అడిగింది. మూడు నెలలు తిరగకముందే నేను పనిచేసే సంస్థలో మా విభాగాన్ని మూసేశారు. అంత అదనంగా కట్టాను కదా, నాలుగు నెలలు వాయిదా ఆపమని అడిగితే అప్పిచ్చినవారు ఒప్పుకోలేదు. ముందు కట్టింది అసలులో కలిసిపోయింది, వచ్చే నెల వాయిదా వచ్చే నెల కట్టవలసిందే. 9 శాతం అప్పు తీర్చే ఉత్సాహంలో చివరికి 16 శాతానికి పర్సనల్ లోన్ తీసుకున్నాను.

అందుచేత బోనస్‌లోంచి ముందుగా, వాయిదాతో సహా ఆరు నెలల ఇంటి ఖర్చును అవసరమైన రోజే తీసుకోగలిగేలా విడిగా పెట్టు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే దాని వడ్డీ ఇంటి అప్పు వడ్డీ కంటే చాలా ఎక్కువ కనుక ఇంటి అప్పు కంటే ముందే అది తీర్చు. మీ ఇద్దరిలో ఎవరు లేకపోయినా మిగిలిన అప్పు తీరేంత టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడు. ఇవన్నీ పోగా మిగిలింది అప్పుకు కట్టు. ఆ డబ్బును పెట్టుబడి పెడితే ఇంకా ఎక్కువ వస్తుందని స్నేహితులు చెబుతారు, రావచ్చు కూడా, కాని ఆ రాబడికి హామీ లేదు. తప్పించుకున్న వడ్డీ మాత్రం ఖాయంగా మిగులుతుంది.

ఉద్యోగం విషయంలో ఇప్పుడే రాజీనామా చేయకు. కొత్త చోట వచ్చే తక్కువ జీతమే వస్తోందనుకుని ఈ నెల నుంచే ఆరు నెలలు ఇల్లు నడపండి, తేడా సొమ్మును వేరే ఖాతాలో వేయండి, అప్పుకు మాత్రం కట్టవద్దు. ఆరు నెలలూ గడిస్తే నిశ్చింతగా మారవచ్చు, అప్పు ఎనిమిదేళ్లకు బదులు పదమూడేళ్లకు తీరుతుంది, అంతే. గడవకపోతే ఆ ఖాతాలోని సొమ్ము మీ చేతిలోనే ఉంటుంది. పిల్లవాడికి ఇప్పుడు నాలుగేళ్లు. నన్నడిగితే ఆ అయిదేళ్ల ఆలస్యానికి చెల్లించే వడ్డీ నాకు పెద్ద ఖరీదుగా తోచదు, కాని రోజూ లెక్క చూసుకునేది మీరే కనుక నిర్ణయం మీదే.

ఈ నెల స్టేట్‌మెంట్ తెప్పించుకుని, మిగిలిన అసలు, వడ్డీ శాతం, మిగిలిన నెలలు రాసి పంపు. ఇంటి ఖర్చు ఎంతో మాత్రం నువ్వొక కాగితం మీద, అల్లుడుగారు వేరొక కాగితం మీద, ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. రెండు అంకెలూ కలవకపోతే, నాకు పంపకముందే కూర్చుని కలుపుకోండి.

ఆశీస్సులతో,
పెదనాన్న