ఆరు మాటల ఇరుకు

అమ్మాయీ,

ఫిలిప్పీన్స్ ప్రవాస కవుల చిట్టి కవితల ప్రదర్శన లైబ్రరీలో చూసొచ్చి, ఆ ఊపులోనే తెలుగులో హైనాకులు రాసి పంపావు. చదివాను. చాలావరకు నిలబడవు. తప్పు నీ ఊహది కాదు, లెక్కది.

హైనాకును 2003లో మొదలుపెట్టింది ఐలీన్ టబియోస్. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చిన కవయిత్రి. మూడు పాదాలు: మొదట ఒక మాట, తర్వాత రెండు, ఆఖర్న మూడు. ఆవిడ రాసేది ఇంగ్లీషులో. అక్కడ ‘నేను’కి ఒక మాట, ‘కాదు’కి ఒక మాట ఖర్చవుతాయి. ఆరు మాటలంటే ఊపిరాడదు, ఆ ఇరుకే దాని బలం. నువ్వేమో ‘వెళ్ళలేకపోయానంటున్నాడు’ని ఒక్క మాట కింద లెక్కేశావు! అందులో మనిషి ఉన్నాడు, ఆగిన ప్రయాణం ఉంది, దాన్ని చెప్పుకోవడం కూడా ఉంది. ఇంక ఇరుకెక్కడ?

ఫిలిప్పీన్స్ వాళ్ళదే పాత కవితారూపం ‘తనగా’ ప్రయత్నించు. అది లెక్కపెట్టేది అక్షరాలను. నాలుగు పాదాలు, పాదానికి ఏడు, అన్నిటికీ ఒకే అంత్యప్రాస. స్పానిష్ మతగురువులు కూర్చిన, అక్కడి భాష టాగలాగ్ నిఘంటువు 1754లో అచ్చయింది. మాటల వాడుక చూపించడానికి అందులో వేసిన తనగాలు అలా మనదాకా వచ్చాయి (నిఘంటువులను తిట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి). ఎన్. గోపిగారి చిట్టి కవితలు, నానీలు, 20 నుంచి 25 అక్షరాలు కదా, నీకు ఈ 28 బెదురేమీ ఉండదు. ప్రాస దగ్గరే జాగ్రత్త. ఉన్నాను, విన్నాను, కన్నాను అంటూ క్రియలతో ముగిస్తే తెలుగులో ప్రాస ఉచితంగా దొరుకుతుంది. ఉచితంగా దొరికింది వాడకు.

ఇంకోటి. అమ్మ, వాన, ఆవకాయ: నీ బెంగంతా ఈ మూడింటి చుట్టూనే. విదేశాల్లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి ‘బాలిక్‌బయన్’ పెట్టెలు పంపుతారు. సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం, చెప్పులు కొద్దికొద్దిగా చేర్చి, నిండాక ఓడకెక్కిస్తారు. ఊళ్ళో దొరికే సబ్బునే సముద్రం దాటించడం ఎందుకో రాస్తే, బెంగ అన్న మాట అవసరమే పడదు. ఇండియా వెళ్ళేటప్పుడు నీ సూట్‌కేసులో ఏం సర్దుతావు? బరువెక్కువైందని ఏం తీసేస్తావు? తీసేసినదాని మీద ముందు రాయి.

ఈసారి రెండు పంపు, చాలు. నాలుగు పాదాలూ ‘ను’తో ముగిశాయంటే చదవకుండానే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు