తప్పు చేసిన కుర్ర సెలబ్రిటీలను సమాజం క్షమించాలా?

క్షమించొచ్చు, కాకపోతే ఊరికే కాదు. 2019 జనవరిలో ఒక టీవీ షోలో ఆడవాళ్లను చులకన చేసి మాట్లాడి హార్దిక్ పాండ్యా, పక్కనే కూర్చున్న కె.ఎల్. రాహుల్ ఇరుక్కున్నారు. పాతికేళ్ల కుర్రాళ్లు. బీసీసీఐ సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా టూర్ నుంచి వెనక్కి పిలిపించింది. ఏప్రిల్‌లో బోర్డు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించి తీర్పు చెప్పేవారు) చెరో 20 లక్షల జరిమానా వేశారు: అందులో సగం, విధుల్లో చనిపోయిన పదిమంది పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు లక్ష చొప్పున, మిగతాది అంధుల క్రికెట్‌కు. శిక్ష పడింది, ఆట మిగిలింది. నాకైతే అది సబబే అనిపించింది.

చట్టం కూడా వయసు చూస్తుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం, యావజ్జీవం పడేంత నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండనివాళ్లను కోర్టు వీలైనంతవరకు జైలుకు పంపకూడదు. పంపితే కారణం రాయాలి. ఇది స్టార్లకే కాదు, కావలిలో బండి దొంగతనం చేసి దొరికిన కుర్రాడికీ అంతే. కానీ జరిగేదేంటి? నెల్లూరు వీఆర్సీ సెంటర్‌లో టీ తాగుతూ హీరోగారి కొడుకును "చిన్నపిల్లాడు, పోనీలే" అనేవాళ్లే, ఆ కావలి కుర్రాడిని చితకబాదాలంటారు.

ఇంకొకటి. యాక్సిడెంట్ లాంటి వాటిలో మనిషి పోతే, క్షమించే హక్కు ఆ ఇంటివాళ్లది. ఫ్యాన్స్‌కు దాంతో ఏం పని?