చలికాలం పడిశం గురించి పాపకు

అనంతపురం

పాపా,

కర్నూలులో చలి ముదిరిందని, పిల్లోడికి అప్పుడే ముక్కు కారుతోందని ఫోన్లో చెప్తివి. ముప్పై ఏండ్లు నర్సమ్మగా పల్లెలు తిరిగినదాన్ని, ఫోన్లో అన్నీ చెప్పలేక రాస్తాండా.

పెరుగు మాన్పించినా, తలస్నానం ఆపినా అంటివి. పడిశం పెరుగులోంచి రాదు పాపా, మనిషి నుంచి మనిషికి వస్తాది. దగ్గు తుంపర్లలో ఉంటాది, చీమిడి తుడుచుకున్న చెయ్యి తలుపు గడియ పట్టుకుంటే అక్కడా కొన్ని గంటలు ఉంటాది. చలికాలంలో గాలి పొడిబారతాది, మనమూ తలుపులు బిగించుకొని ఒకేచోట ముడుచుకుంటాము. దానికి కావలసింది అదే.

ఆ తప్పు నేనూ చేసినా. మీ నాయన చిన్నప్పుడు, వేరుశెనగ బుడ్డలు ఇంటికొచ్చిన దినాల్లో, చలికి భయపడి కిటికీ సందుల్లో గోనెపట్టలు కుక్కి అందరినీ ఒకే గదిలో పండబెట్టినా. మొదట మీ నాయనకు పడిశం, నాలుగు దినాలకు ఇంటిల్లిపాదికీ. ఆయాసమున్న మా అత్తను వారం ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చె. రాత్రంతా ఆమె వీపు నిమురుతూ కూర్చున్నది నేటికీ మర్చిపోలేదు. ఇంకో దుప్పటి కప్పుకోండి గానీ, కిటికీ కొంచెమన్నా తెరిచిపెట్టండి.

మీ బచ్చలింటి పక్కన మేకుకు వేలాడే టవాలు ఒకటుంది. ఉగాదికి వచ్చినప్పుడు చూసినా, అందరి చేతులూ దానికే, తడి ఆరనే ఆరదు. మనిషికొక గుడ్డ పెట్టు. పిల్లోడు అరచేతులు రుద్ది ఊరుకుంటాడు, బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కొసలు మిగిలిపోతాయి. సోపుతో రుద్దుతూ ఇరవై దాకా నిదానంగా లెక్కపెట్టమను. బడి నుంచి రాగానే, తినే ముందర, ముక్కు చీదినాక. తుమ్మొస్తే మోచేతి మడత అడ్డం పెట్టుకోవాల.

ఫ్లూ అంటే పడిశం కంటే గట్టిగా పట్టే వైరస్సు జ్వరం, దాని టీకా మాత్రం వాయిదా వెయ్యొద్దు. ఆ వైరస్సు ఏటా మారతాది, టీకా కూడా ఏటా వేసుకోవాల. అది ఒంటికి పట్టేదానికి సుమారు 2 వారాలు పడతాది. నీకిప్పుడు ఐదో నెల, గర్భిణికి ఆ టీకా మంచిదే, పుట్టే బిడ్డకూ మొదటి నెలల్లో కాపు. మీ అత్తకు షుగరుంది, ఆమెకూ వేయించు.

మిరియాల చారు గొంతుకు హాయి, తాగండి. పడిశానికని యాంటీబయాటిక్ మాత్రలు మాత్రం షాపులో అడిగి తేవద్దు, వైరస్సు మీద అవి పనిచెయ్యవు. పిల్లోడిని ఆవిరి గిన్నె దగ్గర కూర్చోబెట్టొద్దు, నీళ్లు ఒలికి కాలిన పిల్లలను చూసినా.

వాడికి జ్వరం మూడు దినాలు దాటినా, డొక్కలు ఎగరేసినా, నీళ్లు తాగక మబ్బుగా పడున్నా డాక్టరు దగ్గరకు తీసుకుపో. నీకు జ్వరమొస్తే మూడు దినాలు చూడొద్దు, ఆ దినమే పో. ఫ్లూ మందు తొలి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాది.

టీకా ఏ దినమో ఖాయమైతే ఫోన్ చెయ్యి. పొద్దున బస్సుకే వచ్చి పిల్లోడిని నేను చూసుకుంటా.

మీ అవ్వ