నీట్ లాంగ్ టర్మ్ చదివే మా అబ్బాయికి మెదడుకు కరెంట్ ఇచ్చే హెడ్‌సెట్ కొనొచ్చా? జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

కొనకండి. ఆ డబ్బుతో మంచి పరుపు కొనిపెట్టండి, వాడు కంటినిండా నిద్రపోతాడు. చదివింది బుర్రలో నిలబడేది నిద్రలోనే.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నా తల మీద ఇలాంటిదే ఒకటి ఆరు వారాలు నడిచింది. మీరడిగిన హెడ్‌సెట్ కాదు, దాని పెద్దన్న. రెండేళ్ల కిందట నా డిప్రెషన్ మందులకు లొంగకపోతే డాక్టరు గారు టీఎంఎస్ రాశారు. అయస్కాంతంతో చేసే చికిత్స, అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది.

"షాక్ ట్రీట్‌మెంటా?" అని మా అత్తగారు బెంబేలెత్తిపోయారు. అంతా సినిమాల పుణ్యం. షాక్‌లో మత్తిచ్చి ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో మత్తూ లేదు, ఫిట్స్ తెప్పించడమూ లేదు. "ఇండక్షన్ స్టవ్ లాంటిది అత్తయ్యా, తీగలోంచి కరెంట్ మన ఒంట్లోకి రాదు, అయస్కాంతం వల్ల లోపలే పుడుతుంది" అన్నాను. "అయితే నీ తల గిన్నెన్నమాట" అన్నారావిడ.

మొదటి రోజు మాత్రం మర్చిపోలేను. కమ్మలు, పిన్నులు తీయించారు. ముక్కుపుడక రాలేదు. టెక్నీషియన్ అమ్మాయి సబ్బు తెచ్చి పది నిమిషాలు తంటాలు పడింది. తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్ తల ఎడమవైపు ఆనించింది. టక్. నా కుడి బొటనవేలు ఎగిరింది. నేను కదపలేదు. ఇంకోసారి టక్. మళ్లీ ఎగిరింది. నలభై రెండేళ్లుగా నాదే అనుకున్న వేలు ఎవరో పిలిస్తే పలుకుతోంది! ఎన్నో నెలల తర్వాత పకపకా నవ్వాను. ఆ అమ్మాయి భయపడిందనుకుంటా.

వేలు ఎగరడానికి కనీసం ఎంత బలం కావాలో చూసి, దాన్నిబట్టి డోసు కడతారు. తర్వాత కాయిల్‌ని నుదుటి వైపు జరుపుతారు. నాలుగు సెకన్లు వడ్రంగి పిట్ట పొడిచినట్టు టకటకా కొడుతుంది, ఇరవై ఆరు సెకన్లు ఊరుకుంటుంది. అలా 37 నిమిషాలకు పైగా, మొత్తం 3000 దెబ్బలు. మూడు నిమిషాల్లో అయిపోయే పద్ధతి కూడా ఉందని, 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయని నాకు తర్వాత తెలిసింది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే పార్కింగ్‌కే అంత డబ్బు తగలేసేదాన్ని కాదు. ఇన్సూరెన్స్ వాళ్లేమో అడ్మిట్ కాలేదు కాబట్టి పైసా రాదన్నారు.

నాలుగో వారానికి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టగలిగాను. చదివిన పేజీయే మళ్లీ చదవడం తగ్గింది. "జ్ఞాపకశక్తి పెరిగిందే!" అన్నారు చుట్టాలు. పెరగడం కాదు, ఉన్నదాని మీద కూర్చున్న బండ లేచింది, అంతే. రోజూ పొద్దున్నే తయారై బయటికెళ్లడం వల్లే తేరుకున్నానని మా ఆయన వాదన. ఎగిరింది ఆయన వేలు కాదు కాబట్టి నేను ఒప్పుకోను.

ఇక మీ హెడ్‌సెట్. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజీలు పెట్టి ఒకటి, రెండు మిల్లీఆంపుల కరెంట్ పంపే రకం అది. అందులో చాలా భాగం తల చర్మం గుండానే జారిపోతుంది. లోపలికి వెళ్లిన కాస్తా న్యూరాన్లను కొద్దిగా అటో ఇటో ఒరిగిస్తుంది, దానంతటది వేలు కూడా ఎగరెయ్యలేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కొత్త అంకెల గుర్తులు నేర్పుతూ ఇది పెట్టి చూశారు. ఒకచోట పెడితే నేర్చుకోవడం వేగమైంది కానీ, నేర్చుకున్నది అలవోకగా వాడటం దెబ్బతింది. ఇంకోచోట పెడితే సరిగ్గా తిరగబడింది. మరి మీ వాడి తల మీద స్పాంజీ ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు, యూట్యూబా?

తెల్లవారకముందే లేపి రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టే హాస్టల్లో వేసి, గుర్తుండట్లేదని వాడి బుర్రకు కరెంట్ పెట్టడమేమిటండీ! వాడు నిజంగా దిగులుగా ఉంటే, తిండీ నిద్రా మానేస్తే, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైతే ఏ మెషీన్ పెట్టాలో వాళ్లు చూసుకుంటారు.

నా ముక్కుపుడక సంగతి చెప్పలేదు కదూ. రోజూ తీసి పెట్టలేక ఆ ఆరు వారాలూ డబ్బాలోనే ఉంచేశాను. రంధ్రం పూడుకుపోయింది. మళ్లీ కుట్టించుకోమని అత్తగారు, నొప్పని నేను.