చిన్న పిస్టల్ ట్రిగ్గర్ గట్టిగా ఉంటే స్ప్రింగ్ కోయించాలా? దసరా పొద్దున మా ఇంట్లో ఏం జరిగిందో విని నిర్ణయించుకోండి

మీరు అడిగింది ఇది: కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది, కూలీల డబ్బులు పట్టుకుని తిరగాల్సి వస్తోంది, అందుకే లైసెన్సు మీద .32 బోరు చిన్న పిస్టల్ కొన్నారు. ట్రిగ్గర్ చాలా గట్టిగా, గరగరలాడుతూ ఉంది, గుండ్లన్నీ టార్గెట్‌కి కింద ఎడమ పక్కన పడుతున్నాయి. అమెరికా వాళ్ల వీడియోల్లో స్ప్రింగ్ మార్చి, ట్రిగ్గర్ లోపల ఉండే సియర్ అనే ముక్కకు పాలిష్ పట్టి వెన్నలా చేసుకుంటున్నారు, వరంగల్లో ఆ పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

నేను హన్మకొండలో ఉంటాను. ఆర్మీలో ఆయుధాలు, వాహనాల రిపేర్లు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఆయుధాలు విప్పి చూడటం, గేజ్ పెట్టి కొలవడం, అరిగిన పార్టు తీసి కొత్తది వేయడం, ఇదే నా ఉద్యోగం. మీకు సూటిగా చెప్తున్నా, ఆ పని చేయించకండి. చేసేవాళ్లు దొరకరని కాదు. లేత్ మిషను, ఆకురాయి ఉన్న ప్రతివాడూ చేస్తానంటాడు.

మా పెద్దనాయిన కొడుకు ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు. మిర్చి సీజన్లో చేతిలో క్యాష్ ఎక్కువ ఉంటుందని చాలా ఏళ్ల కిందటే లైసెన్సు తీసుకున్నాడు, ఆయనదీ .32 పిస్టలే, పాత మోడల్, వెనకాల హ్యామర్, అంటే గుండుని పేల్చే చిన్న సుత్తి, బయటికి కనిపించేది. మీలాగే ట్రిగ్గర్ గట్టిగా ఉందని ఆయనకు బాధ. ఎవరో తెలిసినాయన చెప్తే ఒక మెకానిక్‌కి ఇచ్చాడు. ఆ మెకానిక్ బండ్ల ఇంజన్లు బాగా చేస్తాడు, పనిమంతుడే, కానీ తుపాకీ ఆయన విద్య కాదు. రెండు రోజుల్లో తెచ్చి ఇచ్చాడు. నేను సెలవు మీద వచ్చినప్పుడు అన్న మురిసిపోతూ నా చేతిలో పెట్టి "జర నొక్కి చూడురా, వెన్నలెక్క అయింది" అన్నాడు. ఖాళీ చేసి చూసుకుని నొక్కాను. వేలు తగిలిందో లేదో హ్యామర్ పడిపోయింది. అంత తేలిగ్గా పడటం మంచిది కాదని నా వేలికి అప్పుడే తెలిసింది. కానీ పెద్దన్న, పైగా ఇంటినిండా చుట్టాలు, వాళ్ల ముందు ఆయన మాట తీసేసినట్టు అవుతుందని గట్టిగా చెప్పలేకపోయాను. "కొంచెం ఎక్కువే తగ్గించారన్నా" అని మాత్రం అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏడు దసరా పొద్దున ఆయుధ పూజకు పిస్టల్ బయటికి తీశాడు. పూజ అయ్యాక, బొట్టు తుడిచి, మ్యాగజైన్ పెట్టి, వెనక్కి లాగి ఉన్న స్లైడ్‌ని, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని, వదిలాడు. వేలు ట్రిగ్గర్ మీద లేదు, అక్కడ నిలబడ్డ నలుగురం చూశాం. స్లైడ్ ముందుకొచ్చి కొట్టుకున్న అదురుకే హ్యామర్ నిలవక పడిపోయి గుండు పేలింది. బీరువా తలుపుని చీల్చుకుని లోపల వదినమ్మ చీరల మడతల్లో ఆగింది. ఆ బీరువాకు రెండడుగుల పక్కన ఆయన మనుమరాలు, ఐదేళ్ల పిల్ల, కొత్త గౌను వేసుకుని గాజులు చూసుకుంటూ నిలబడి ఉంది. పిల్లకు ఏమీ కాలేదు. చెవులు గింగురుమని ఏడ్చింది, అంతే. కానీ ఆ రెండడుగుల గురించి నేను ఇప్పటికీ రాత్రుళ్లు ఆలోచిస్తాను. చెప్పాల్సిన రోజు నేను గట్టిగా చెప్పి ఉంటే ఆ పిస్టల్ ఆ పొద్దున ఆ గదిలోకి వచ్చేదే కాదు. మీ ప్రశ్న చూసి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

తర్వాత పోలీస్ స్టేషన్లో పిస్టల్ అప్పగించినప్పుడు వాళ్ల ఆర్మరర్ విప్పి చూపించాడు, నేను పక్కనే నిలబడి భూతద్దంతో చూశాను. హ్యామర్‌ని పట్టి ఆపేది సియర్ అనే చిన్న ముక్క. రెండింటి అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండే మేర వెంట్రుక మందాల్లో లెక్క, ఆ అంచు కోణం కూడా ముఖ్యం. నొక్కుడు బరువు, అంటే ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం, తగ్గించాలని ఆ మెకానిక్ ఆ అంచుని ఆకురాయితో రుద్దేశాడు. కోణం మారింది, పట్టు తగ్గింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చాలా పిస్టళ్లలో ఈ ముక్కలకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపల ఉక్కు మెత్తగానే ఉంటుంది. రుద్దినప్పుడు ఆ గట్టి పొర పోతే మొదటి రోజు నున్నగా, బ్రహ్మాండంగా అనిపిస్తుంది, తర్వాత వాడేకొద్దీ ఆ మెత్తని అంచు అరిగి గుండ్రమవుతుంది. అందుకే మొదట బాగానే ఉన్న పిస్టల్ కొన్నాళ్లకు మోసం చేస్తుంది. హ్యామర్ దెబ్బకు ముందుకెళ్లి గుండుని పేల్చే ఫైరింగ్ పిన్‌ని అడ్డుకునే బ్లాక్ కూడా ఆ మోడల్లో లేదు, ఉండి ఉంటే హ్యామర్ పడ్డా గుండు పేలకపోయేది.

స్ప్రింగ్ కోస్తే ఇంకో రకం తిప్పలు. హ్యామర్ స్ప్రింగ్ బలం తగ్గితే ఫైరింగ్ పిన్ ప్రైమర్‌ని, అంటే గుండు అడుగున మందుని అంటించే చిన్న బిళ్లని, సరిగ్గా కొట్టదు. ప్రైమర్ మీద చిన్న గుంట పడుతుంది, గుండు పేలదు. మీరు పిస్టల్ పెట్టుకున్నది ఎందుకు? ఒక్కసారి అవసరం పడితే ఆ ఒక్కసారి పేలడానికి. ఆ నమ్మకాన్నే తగ్గించుకుని వేలికి సుఖం కొనుక్కోవడం నాకు అర్థం కాదు.

అమెరికా వీడియోల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే వాళ్లు చేసేదంతా తప్పని నేను అనను. అక్కడ ఒక్కో మోడల్‌కి తయారైన ట్రిగ్గర్ కిట్లు అమ్ముతారు, తన సొంత తుపాకీలో ఆ పార్టు మార్చుకోవడం చాలా రాష్ట్రాల్లో నేరం కాదు, పైగా మార్చాక వందల రౌండ్లు కాల్చి పరీక్షించుకుంటారు. అయినా మామూలుగా జేబులో, నడుముకు పెట్టుకునే పిస్టల్‌కి కంపెనీ ఇచ్చే నొక్కుడు తక్కువేం కాదు. గ్లాక్ కంపెనీ పిస్టల్ మామూలు ట్రిగ్గర్ దాదాపు రెండున్నర కిలోలు ఉంటుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి కనీసం 1000 గ్రాములు ఉండాలని రూలు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే పోటీలు ఇవే. అక్కడ రేంజ్ ఆఫీసర్ చెప్పాకే గుండు లోపలికి వెళ్తుంది, ఎదురుగా మట్టికట్ట, పక్కన పిల్లలుండరు. నడుముకు పెట్టుకుని బండి ఎక్కే దిగే మనిషికి ఆ 500 గ్రాములు వద్దే వద్దు. భయంలో చెయ్యి బిగుసుకుంటే వేలు ఎంత బలంగా లాగుతుందో మనకు తెలియదు, ఆ గట్టి ట్రిగ్గరే అప్పుడు చివరి గొళ్లెం.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీని మార్చడం, రిపేరు చేయడం, పరీక్షించడం లాంటి పనులు చేసేవాడికి దానికి వేరే లైసెన్సు ఉండాలి, మీ చేతిలో ఉన్న లైసెన్సు ఉంచుకోవడానికి, వెంట తీసుకెళ్లడానికి మాత్రమే. సెక్షన్ 5 ఉల్లంఘనకు 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. నిర్లక్ష్యంగా కాల్చి మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మీకు లైసెన్సు ఇచ్చింది కరీంనగర్ కమిషనరేట్ అయి ఉంటుంది, ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమంటే ఆ పిస్టల్ స్టేషన్‌కి వెళ్తుంది కదా, అక్కడ ఎవరైనా విప్పి చూస్తే ఆకురాయి గీతలకు మీరే జవాబు చెప్పాలి.

ఇప్పుడు అసలు మీ పిస్టల్ దగ్గరికి వద్దాం. నా అనుమానం మీ ట్రిగ్గర్ మీద కాదు, మీ క్వారీ మీద. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది పిస్టల్ లోపలి ఉక్కుని గీరగలిగేంత గట్టిది. మీరు రోజూ ఆ దుమ్ములో తిరుగుతారు, పిస్టల్ నడుముకు ఉంటుంది, దానికి నూనె బాగా రాశారనుకోండి, నూనెకు పొడి అంటుకుని లోపల గరుకు ముద్దలా తయారవుతుంది. గరగరలాడే ట్రిగ్గర్‌కి మొదట చూడాల్సింది అదే. కొత్త పిస్టల్ అయితే ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు కూడా లోపల గట్టిపడి ఉంటుంది.

మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్‌ని, అంటే పేలే ముందు గుండు కూర్చునే చోటుని, కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, గుండ్లన్నీ పక్క గదిలో పెట్టి రండి. మాన్యువల్లో చూపించిన మేరకే విప్పండి, అంతకు మించి ఒక్క పిన్ను కూడా కొట్టకండి. తుపాకీ శుభ్రం చేసే సాల్వెంట్ ఉంటే మంచిది. లేకపోతే కిరోసిన్, పాత టూత్ బ్రష్ చాలు, ప్లాస్టిక్ గ్రిప్‌కి తగలనీయకండి. తర్వాత పొడి గుడ్డతో, మా ఆర్మీ భాషలో చిందీతో, పూర్తిగా తుడవండి. స్లైడ్ జారే చోట్ల ఒక్కో చుక్క నూనె, మిగతా అంతా తడి లేకుండా. మీ పనిలో నూనె ఎక్కువైతేనే నష్టం. క్వారీకి వెళ్లిన ప్రతి వారం ఇలా చేయాలి.

శుభ్రం చేశాక బరువు కొలవండి. ఖాళీ పిస్టల్‌ని గట్టిగా పట్టుకుని, లగేజీ తూచే చిన్న కాటా కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి నిదానంగా వెనక్కి లాగి, హ్యామర్ పడే క్షణానికి ఎంత చూపిస్తుందో రాసుకోండి, పదిసార్లు. పెద్దగా తేడా లేకుండా వస్తే మీ ట్రిగ్గర్ ఆరోగ్యంగా ఉన్నట్టే, గట్టిగా ఉన్నా సరే. ఒకసారి మూడు కిలోలు, ఒకసారి నాలుగున్నర ఇలా ఊగితే లోపల ఏదో తప్పు ఉంది, అప్పుడు మీరు కొన్న డీలర్ దగ్గరికి లైసెన్సు తీసుకుని వెళ్లి, కంపెనీకి పంపించమనో, రిపేరు లైసెన్సు ఉన్నవాళ్లతో కంపెనీ పార్టు వేయించమనో అడగండి, రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది, అయినా దారి అదొక్కటే.

గుండ్లు కింద ఎడమకు పోతున్నాయంటే మీరు కుడిచేతి వాటం అయి ఉండాలి. దానికి కారణం చాలావరకు చెయ్యే. చిన్న పిస్టల్ పిడి పొట్టిగా ఉంటుంది, చిటికెన వేలికి చోటుండదు, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఒక్క వేలు కాకుండా మిగతా వేళ్లన్నీ కూడా బర్రె పాలు పితికినట్టు బిగుసుకుంటాయి. దాంతో ముక్కు కిందికి, ఎడమకు వంగుతుంది. చప్పుడు వస్తుందని ముందే భయపడి చెయ్యి తోయడం ఇంకో కారణం. స్ప్రింగ్ సగం చేసినా ఈ రెండూ పోవు. ఆర్మీలో మాకు మొదటి రోజు నుంచి నూరిపోసింది మూడే మూడు: మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, సహీ ట్రిగ్గర్ ఆపరేషన్. పట్టు ముందు, గురి తర్వాత, వేలు చివర.

ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో చేయండి. డమ్మీ రౌండ్, అంటే మందు లేని ఉత్తి గుండు, దొరికితే ఛాంబర్లో పెట్టండి, ఫైరింగ్ పిన్‌కి దెబ్బ ఉండదు. ఇటుక గోడ వైపు, ఆ గోడ అవతల ఎవరూ లేని వైపు తిరిగి నిలబడండి. వేలి మొదటి కణుపు మెత్తని భాగమే ట్రిగ్గర్‌కి తగలాలి. మొదట ఒక ఖాళీ కదలిక ఉంటుంది, తర్వాత గోడలా ఆగుతుంది, మేము దాన్ని పహలా పుల్, దూస్రా పుల్ అనేవాళ్లం. ఆ గోడ దగ్గర ఆగి, ఎప్పుడు పడుతుందో మీకే తెలియనంత నిదానంగా బరువు పెంచండి. ముందు సైట్ వెనకాల స్లైడ్ మీద రూపాయి బిళ్ల పెట్టి, హ్యామర్ పడ్డాక కూడా అది కింద పడకుండా వరుసగా ఇరవైసార్లు చేయగలిగితే మీ చెయ్యి దారికొచ్చినట్టు. రోజుకు పది నిమిషాలు, ఒక నెల. మీ వేలు బలపడుతుంది, లోపలి పార్టులు కూడా వాటంతట అవే ఒకదానికొకటి కొంచెం సర్దుకుంటాయి. నాకు తెలిసిన ఒక మిల్లు యజమాని ట్రిగ్గర్ గట్టిగా ఉందని మీలాగే గొడవ పెట్టాడు, నెల తర్వాత మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.

రౌండ్లు కాల్చడం మాత్రం అనుమతి ఉన్న రేంజ్‌లోనే. రైఫిల్ క్లబ్ సభ్యత్వం తీసుకోండి, నెలకోసారి వెళ్లినా చాలు. అక్కడ పక్కవాళ్లతో మ్యాగజైన్ నింపించండి, మధ్యలో ఎక్కడో మీకు తెలియకుండా ఒక డమ్మీ పెట్టమనండి. అది వచ్చినప్పుడు పిస్టల్ ముక్కు కిందికి గుద్దుకుంటే మీ జబ్బేంటో మీ కళ్లతోనే చూస్తారు.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ అడుగుతున్నా. పిస్టల్ ప్యాంటు జేబులో తాళాలతో పాటు పెట్టుకుంటున్నారా? ట్రిగ్గర్ గార్డు పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ కొనండి. ఇంట్లో పిల్లలుంటే ఛాంబర్ ఖాళీగానే ఉంచండి, రాత్రి లాకర్‌లో పెట్టండి. ఛాంబర్లో గుండు ఉండాలని వాదించేవాళ్లు ఉంటారు, వాళ్ల లెక్క వాళ్లది, నేను మాత్రం ఆ బీరువా చూసినవాణ్ని.

శుభ్రం చేసి కాటా లెక్కలు పది వచ్చాక ఇక్కడే కింద రాయండి. పాత టార్గెట్ పేపర్ పారేయకపోయి ఉంటే దాని ఫోటో కూడా పెట్టండి, ఎన్ని గజాల నుంచి కాల్చారో చెప్పండి. రంధ్రాలు ఎలా పడ్డాయో చూస్తే తప్పు పట్టులో ఉందో వేలులో ఉందో చెప్పగలను.