పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే

కావలి నుంచి అడిగారు: పాత కారు, పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ వేసిన కొన్నాళ్లకే పోతోంది, దాంతోపాటు మీటర్ లైట్లూ ఆరిపోతున్నాయి, మెకానిక్ 10 ఆంప్స్ తీసేసి 20 వేసుకోమంటున్నాడు, వేయొచ్చా అని.

వద్దన్నా. పసుపు రంగు 20 సంగతి అటుంచండి, నీలం 15 కూడా వద్దు. ఎరుపు 10 ఉన్నచోట ఎరుపే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది వైరుని. ఆ సన్న వైరు ఎంత కరెంటు మోయగలదో చూసుకునే 10 పెట్టారు. 20 పెడితే ఫ్యూజ్ నిలబడుతుంది, డాష్‌బోర్డు వెనక వైరు కాలుతుంది. సిగరెట్ పెట్టెలో రేకు చుట్టి నడిపేవాళ్లనీ చూశాను, వాళ్ల ధైర్యానికి ఒక దండం.

ఒక్కసారి లెక్క చూడండి. ముందు రెండు బల్బులు, వెనక రెండు, నంబర్ ప్లేటుకి ఒకటి. మామూలుగా ఒక్కోటి 5 వాట్స్. మీటర్ లైట్లు కలిపినా 35 వాట్స్ దాటడం కష్టం. 12 వోల్టుల మీద అది 3 ఆంప్స్ లోపే. అలాంటి లైన్లో 10 ఆంప్స్ ఫ్యూజ్ పోతోందంటే లోడు ఎక్కువై పోవడం లేదు, ఎక్కడో వైరు బాడీకి తగిలి షార్ట్ అవుతోంది. బ్లోయర్, వైపర్, రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజులైతే కథ వేరు. మోటారు బిగుసుకుపోతే కరెంటు ఎక్కువ లాగి, కాసేపు తిరిగాక ఫ్యూజ్ పోతుంది. మీది అది కాదు.

మాది ఒంగోలు. మా 2003 మోడల్ పెట్రోలు కారుకీ ఇదే జబ్బు చేసింది. ఒక షాపులో లైట్ స్విచ్ మార్చాలన్నారు, ఇంకో చోట వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. చివరికి లారీలకి సెల్ఫ్, డైనమో పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండా ముందు అడిగింది ఒకటే: "ఎప్పుడు పోతోంది?" ఆలోచిస్తే హైవే మీద ఎంత దూరం పోయినా ఏమీ కావడం లేదు. కొత్తపట్నం వైపు గతుకుల్లో తిరిగినప్పుడో, డిక్కీ గట్టిగా వేసినప్పుడో పోతోంది. "ఇంక ఫ్యూజులు మార్చబాకయ్యా, బల్బు పెట్టి చూద్దాం" అన్నాడు.

ఆ బల్బు పద్ధతి మీ ఇంటి దగ్గర మీరే చేయొచ్చు. 12 వోల్టులు, 21 వాట్స్ ఇండికేటర్ బల్బు ఒకటి, హోల్డరుతో సహా తీసుకోండి. దాని రెండు వైర్లకి ఫ్యూజ్ కాళ్లలా పట్టే బద్దలు బిగించి, పోయిన ఫ్యూజ్ తీసేసిన చోట గుచ్చండి. పార్కింగ్ బల్బులన్నీ ముందే పీకేయాలి, లేకపోతే వాటి గుండా పోయే కరెంటుకే ఇది వెలిగి మిమ్మల్ని తికమక పెడుతుంది. ఇప్పుడు పార్కింగ్ స్విచ్ వేయండి. షార్ట్ లేకపోతే బల్బు ఆరి ఉంటుంది, మీటర్ లైట్ల వల్ల మహా అయితే మినుకుమంటుంది. పూర్తి వెలుగుతో వెలిగిందా, ఆ క్షణంలో వైరు బాడీకి తగిలి ఉన్నట్టే. షార్ట్ ఎంత గట్టిగా ఉన్నా 21 వాట్స్ బల్బు రెండు ఆంప్స్ కంటే ఎక్కువ పోనివ్వదు కాబట్టి ఫ్యూజులు తగలేయకుండా ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. బల్బు బాగా వేడెక్కుతుంది, సీటు కవరుకీ ప్లాస్టిక్కుకీ తగలనివ్వకండి.

అది వెలుగుతుండగా వెనక వైపు వెళ్లే కనెక్టర్ పీకండి. ఆరిపోతే తప్పు వెనక ఉంది, ఆరకపోతే ముందు వైపో డాష్‌బోర్డు లోపలో. అలా సగం సగం కొట్టేసుకుంటూ పోవడమే. మీలాగా అప్పుడప్పుడూ పోయే ఫ్యూజ్ అయితే బల్బు ఊరికే వెలగదు. ఒకరు బల్బుని చూస్తుంటే ఇంకొకరు వైరింగ్ కదపాలి, డిక్కీ వేసి తీయాలి, టెయిల్ లైట్ల మీద తట్టాలి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు దానితో చూద్దామనుకుంటారు గానీ, కదిలినప్పుడే తగిలే షార్ట్‌ని పట్టడానికి బల్బే నయం.

మా కారులో డిక్కీ డోర్ సగం ఎత్తగానే బల్బు భగ్గుమంది. బాడీకీ డోర్‌కీ మధ్య రబ్బరు గొట్టంలో నంబర్ ప్లేట్ లైట్ వైరు మడతపడి మడతపడి పై తొడుగు చిట్లిపోయింది, లోపల రాగి పచ్చబడింది. అంతే సైజు మెత్తటి వైరు ముక్క టంకం పెట్టి, స్లీవ్ తొడిగి, గొట్టంలో కాస్త వదులుగా ఉంచాడు. టేపు చుట్టి వదిలేస్తే ఎండకి జిగురు కారి మళ్లీ మొదటికొస్తుందని ఆయన మాట.

మీదీ డిక్కీ పైకి లేచే కారైతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. తర్వాత టెయిల్ లైట్ హోల్డర్లు, మన తీరం వైపు నవంబరు, డిసెంబరు వానలకి నీళ్లు దిగి, ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి. ఆ తర్వాత బయట వేయించిన స్టీరియో. దాని లైటు వైరుని పార్కింగ్ లైన్లోనే కలుపుతారు, అతుకులు వదులుగా ఉంటే డాష్‌బోర్డు లోపల ఇనుముకి తగలొచ్చు. ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడండి, కారు ఎక్కువగా షెడ్డులో నిలబెడితే మరీను.