గోడ పగలగొట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

నిన్న ఫోన్‌లో నువ్వు కొత్త వంటగది గురించి చెబుతుంటే నీ ఉత్సాహం చూసి సంతోషమేసింది. చివర్లో మాత్రం "పెద్దమ్మా, ఈ డబ్బుతో ఏది అవుతుందో ఏది కాదో అర్థం కావడం లేదు" అన్నావు. ఆ మాట రాత్రంతా మనసులో ఉండిపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను రెండు వంటగదులు చేయించాను. మొదటిసారి ముందుగా తలుపుల రంగు తేల్చుకుని, పైపుల సంగతీ కరెంటు సంగతీ పనివాళ్లకి వదిలేశాను. ఎక్కువ ఖర్చయింది, తక్కువ సుఖపడ్డాను. రెండోసారి గోడ లోపల ఉండేవాటితో మొదలుపెట్టి, కంటికి కనిపించేవాటిని చివరికి ఉంచాను. పదిహేనేళ్లుగా అదే గట్టు దగ్గర హాయిగా వంట చేసుకుంటున్నాను.

నువ్వు ఇప్పుడే ఏమీ కొనకు. ఆఫర్ ఉందని చిమ్నీ కొనెయ్యకు, నచ్చాయని టైల్స్‌కి అడ్వాన్స్ ఇవ్వకు. రెండు వారాలపాటు గట్టు మీద ఒక నోట్‌బుక్ పెట్టుకో. వంట చేస్తూ ఎక్కడ విసుగొస్తే అప్పటికప్పుడే అందులో రాసెయ్యి. కడిగిన గిన్నెలు ఆరబెట్టడానికి చోటు లేదా? తరుగుతుంటే నీ నీడే కత్తి మీద పడుతోందా? ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంకొకరు దాటలేకపోతున్నారా? అడుగున ఉన్న పెద్ద గిన్నె కావాలంటే ముందున్న నాలుగూ దించాలా? రెండు వారాల తర్వాత ఆ పేజీలు చదువుకో. నా పేజీల్లో తలుపుల రంగు గురించి ఒక్క మాట కూడా లేదు. సగానికి పైగా వెలుతురు గురించీ, చోటు గురించీ, ప్లగ్ పాయింట్ల గురించే ఉన్నాయి. వంటగది మార్చేది ఆ పేజీల్లోని బాధలు తీర్చుకోవడానికే. ఫొటోలు ఆ తర్వాత చూడు.

ఇక డబ్బు. నీ దగ్గరున్న మొత్తాన్ని నూరు భాగాలనుకో. అందులో 15 భాగాలు ఈ రోజే పక్కన పెట్టి, అవి లేవనే అనుకో. ఇల్లు పాతదైతే 20 పెట్టు. పాత టైల్స్ తీశాక గోడలో చెమ్మ కనిపిస్తుంది, నేల వాలుగా ఉందని తెలుస్తుంది, పైపు తుప్పు పట్టి ఉంటుంది. ఇవేవీ కొటేషన్‌లో ఉండవు, ఎవరూ ముందుగా చెప్పలేరు కూడా. ఆ భాగాన్ని తీసి ఖరీదైన కుళాయి కొందామని మధ్యలో ఎన్నోసార్లు అనిపిస్తుంది. అల్మరాలన్నీ బిగించి నీళ్లు వదిలి చూసేదాకా దాన్ని ముట్టుకోకు. మిగిలిన డబ్బులో అన్నిటికన్నా పెద్ద వాటా అల్మరాలదే, దాదాపు మూడో వంతు వాటికే పోతుంది. కూలీ కూడా తక్కువేం కాదు. గట్టు రాయి, వంట పరికరాలు వాటి వెనకే ఉంటాయి. కాబట్టి నిజంగా ఆదా చేయాలంటే అల్మరాల దగ్గరే చేయాలి, దీపాల దగ్గరా పిడుల దగ్గరా గీసి గీసి బేరమాడితే మిగిలేది కొంచెమే.

అల్మరాల దగ్గర ఆదాకి ఒక మంచి దారి ఉంది, చాలామంది దాన్ని ఆలోచించరు. నీ పాత అల్మరాల పెట్టెలు గట్టిగా ఉన్నాయా చూడు. సింక్ కింది పెట్టెలో అడుగు చెక్కని బొటనవేలితో నొక్కు. మెత్తగా లేకుండా, ఉబ్బకుండా, మూలలు నిటారుగా ఉంటే పెట్టెల్ని ఉంచేసి తలుపులూ కీళ్లూ మాత్రం మార్చుకోవచ్చు. ఉబ్బినవి ఒకటి రెండు ఉంటే వాటినే కొత్తగా చేయించు. అన్నీ కొత్తవే చేయించాల్సి వస్తే, తలుపు మెరుపు చూసే ముందు పెట్టె దేనితో చేస్తున్నారో అడుగు. చెక్క పీచునో పొట్టునో జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ గానీ పార్టికల్ బోర్డు గానీ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలుగా అవదు. సింక్ కిందా, దాని పక్క పెట్టెకీ నీటికి తట్టుకునే ప్లైవుడ్ పెట్టించి, పైనుండే అల్మరాలకి తక్కువ రకం వాడినా నష్టం లేదు. ప్రతి చెక్క అంచుకీ నాలుగు వైపులా పట్టీ అంటించారో లేదో చూడు, కనిపించని వెనక అంచులకి కూడా. తేమ లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. పెట్టెలు నేలకి ఆనకుండా కాళ్ల మీద నిలబడాలి.

గట్టు కింద తలుపుల అల్మరాలు తగ్గించి డ్రాయర్లు ఎక్కువ పెట్టించుకో. ఖర్చు కాస్త ఎక్కువే, ఆ ఖర్చు మాత్రం చేయదగ్గది. డ్రాయర్ లాగితే వెనకున్న గిన్నె నీ దగ్గరికే వస్తుంది, వంగి మోకాళ్ల మీద కూర్చుని వెతికే పని ఉండదు. డ్రాయర్ జారే లోహపు పట్టాలు, అంటే ఛానెల్స్, పూర్తిగా బయటికి వచ్చేవీ, బరువు మోసేవీ తీసుకో. తలుపుని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నాసి ఛానెల్ మాత్రం రోజూ పది సార్లు ఏడిపిస్తుంది.

సింక్, స్టవ్ ఉన్నచోట ఉంచగలిగితే ఉంచు. సింక్‌ని అవతలి గోడకి మార్చాలంటే మురుగు పైపు దాని వెంట వెళ్లాలి. ఆ పైపుకి మీటరుకి 2 సెంటీమీటర్ల వాలైనా ఉండాలి, లేకపోతే జిడ్డు నిలిచిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వాలు కోసం నేల తవ్వాలి, లేదా ఎత్తాలి. అక్కడ పోయిన డబ్బు కంటికి కనిపించదు. నీ నోట్‌బుక్‌లో సింక్ చోటు గురించి పేజీలకి పేజీలు ఉంటేనే దాన్ని కదిలించు.

కొలతల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వీటికి డబ్బు ఖర్చవదు, మనసు పెట్టి చూస్తే చాలు. గట్టు ఎత్తు మామూలుగా 90 సెంటీమీటర్లు పెడతారు. అది అందరికీ సరిపోదు. చెప్పులు వేసుకునే అలవాటుంటే వేసుకునే నిలబడి, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిపించుకో. దానికన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు తక్కువ ఉంటే నడుముకి హాయి. ఎక్కువగా వంట చేసేది ఎవరో వాళ్ల కొలతే తీసుకోండి. గట్టుకీ పై అల్మరాకీ మధ్య 45 సెంటీమీటర్లు చాలు. ఎదురెదురు గట్లు ఉంటే మధ్యలో దారి 105 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఇద్దరు కలిసి వంట చేసే ఇల్లయితే 120 ఉంచు. సింక్, స్టవ్, ఫ్రిజ్ మూడింటినీ కలిపి గీత గీస్తే ఒక్కో గీత 1.2 నుంచి 2.7 మీటర్ల లోపల, మొత్తం 8 మీటర్ల లోపల ఉంటే కాళ్లకి శ్రమ తక్కువ. స్టవ్‌కి రెండు పక్కలా వేడి గిన్నె దించడానికి చోటు వదులు. ఒక పక్క గోడకి ఆనించి పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

గది చిన్నదని దిగులుపడ్డావు కదా. 1926లో మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కట్టే ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. అది ఆరున్నర చదరపు మీటర్లే. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో, చెయ్యి ఎంత దూరం చాచాలో లెక్కపెట్టి ఒక్కో డ్రాయర్‌కీ చోటు నిర్ణయించింది. ఈనాడు మనం చూసే అమర్చిన వంటగదులకి మూలం అదే. చిన్న గదిలో బాగా అమర్చుకుంటే కాళ్లకి పని తగ్గుతుంది, దాన్ని లోటుగా చూడకు.

ఇప్పుడు నా మొదటి వంటగది సంగతి. గోడలు చెక్కి, తీగలు వేసి, టైల్స్ అంటించిన తర్వాత ఓవెన్ కొన్నాను. ఇంటికి తెచ్చాక చూస్తే దానికి విడిగా మందమైన తీగ కావాలన్నారు. మూడు వారాల క్రితం అంటించిన టైల్స్ నా కళ్ల ముందే పగలగొట్టారు. అదే రంగు మళ్లీ దొరకలేదు. ఆ గోడ మీద అతుకు చూసినప్పుడల్లా బాధేసేది. అందుకే చెబుతున్నాను, ఏ పరికరం కొనబోతున్నావో దాని మోడల్ దాకా ముందే తేల్చుకో. డబ్బు తర్వాత కట్టినా సరే, కొలతల కాగితం మాత్రం గోడ చెక్కకముందే ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాలి. నీళ్లు కాచే కెటిల్ ఒక్కటే దాదాపు 2,000 వాట్లు లాగుతుంది. ఓవెన్ దానికన్నా ఎక్కువ. ఇలాంటి బరువైనవాటికి దేనికి దానికి వేరే లైన్ వేయించు. నీళ్ల దగ్గర పని కాబట్టి 30 మిల్లీయాంప్స్ లీకేజీకే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్ తప్పనిసరిగా పెట్టించు. ఖర్చు తగ్గించుకోవడానికి దీన్ని ఎప్పుడూ వదులుకోకు. తీగలూ పైపులూ వేశాక, గోడ మూయకముందు, పక్కన కొలత టేపు పెట్టి ప్రతి గోడకీ ఫొటో తీసుకో. రేపు మేకు కొట్టాలన్నా, లీకు వెతకాలన్నా ఆ ఫొటోలే దిక్కు.

వెలుతురు పై కప్పు మధ్యలో ఒక్కటే ఉంటే నీ నీడ నీ పని మీదే పడుతుంది. పై అల్మరాల అడుగున ముందు అంచు దగ్గర ఎల్‌ఈడీ పట్టీ వేయించు. చిమ్నీ విషయంలో పొగని గొట్టం ద్వారా బయటికి పంపే రకమే తీసుకో. ఫిల్టర్‌లో తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం వాసన కొంత తగ్గిస్తుంది గానీ ఆవిరినీ వేడినీ బయటికి పంపదు. గొట్టం పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి.

గట్టుకి గ్రానైట్ మంచిదే, వేడి గిన్నెకి భయపడదు, రాతి సన్న రంధ్రాల్ని మూసే సీలర్ అప్పుడప్పుడు పూస్తే మరకలు దిగవు. క్వార్ట్జ్ అని అమ్మేది రాతి పొడిని రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురుతో కలిపి చేసిన పలక. మరకలు పట్టవు, కానీ రెసిన్ వేడికి తట్టుకోదు, స్టవ్ మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకూడదు. ఇంకో మాట. ఆ పలకని పొడిగా కోస్తే లేచే సన్నని సిలికా ధూళి కోసేవాళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అలాంటి పలకల్నే నిషేధించింది. నువ్వు ఏ రాయి తీసుకున్నా ఇంట్లో పొడిగా కోయనివ్వకు, నీళ్లు పోస్తూ, మాస్కులు పెట్టుకుని బయటే కోయమను. అందుకు రెండు రోజులు ఆలస్యమైతే కానివ్వు.

గట్టు కొలత ఎప్పుడు తీసుకోవాలో చాలామందికి తెలియదు. కింది అల్మరాలు బిగించి, మట్టం చూసుకున్న తర్వాతే తీయించాలి. అప్పటికి సింకూ స్టవ్వూ నీ ఇంట్లో ఉండాలి, పుస్తకంలోని కొలతలు నమ్మి రాయి కోయిస్తే కన్నం పెద్దదైతే మళ్లీ అతకలేం. వరుస ఇలా పెట్టుకో: కూల్చడం, పైపులు, తీగలు, నీళ్లు ఒత్తిడితో నింపి లీకు చూడడం, గోడ మూయడం, నేల, అల్మరాలు, గట్టు, గోడ టైల్స్, చివరికి కుళాయిలూ దీపాలూ. టైల్స్ పదో వంతు ఎక్కువ కొని, అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో చూడు. ఇల్లు బాగా పాతదైతే పాత వినైల్ నేలలో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా దాన్ని గీకించకు.

కొటేషన్లు మూడైనా తీసుకో, కానీ ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వు. ప్లై రకం, మందం, ఛానెల్స్, ఎన్ని ప్లగ్ పాయింట్లు, చెత్త ఎవరు తీసుకెళ్తారు, అన్నీ అందులో రాయి. లేకపోతే ఒకరు చెప్పిన ధరకీ ఇంకొకరు చెప్పిన ధరకీ పోలికే ఉండదు. అన్నిటికన్నా తక్కువ చెప్పినవాళ్లు ఏం వదిలేశారో అడుగు. డబ్బు పని ముందుకి జరిగేకొద్దీ ఇవ్వు, చివరి పదో వంతు మాత్రం అన్ని డ్రాయర్లూ లాగి చూసి, సింక్ నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదిలి, కింద పొడి గుడ్డతో తుడిచి చూశాకే ఇవ్వు. మధ్యలో ఏదైనా మార్చాలనిపిస్తే ఎంత ఎక్కువవుతుందో, ఎన్ని రోజులు పెరుగుతాయో రాయించుకుని, ఒక రాత్రి ఆగి అప్పుడు సరే అను.

పని జరిగినన్ని వారాలూ ఇంకో గదిలో ఒక బల్ల, ఒక స్టవ్, నీళ్లకి దగ్గరగా చోటు చూసుకో. వాళ్లు ఎన్ని వారాలు చెబితే దానికి రెండు వారాలు కలిపి ఏర్పాటు చేసుకో. ఈ సమయంలో బయట తినే ఖర్చు కూడా బడ్జెట్‌లో రాయి, చాలామంది మర్చిపోయేది ఇదే.

డబ్బు సరిపోదనిపిస్తే ఖరీదైన తలుపులూ, పై అల్మరాల్లో సగమూ, అలంకారపు దీపాలూ ఇప్పటికి వదిలెయ్యి. వాటికి కావలసిన తీగలు మాత్రం గోడలో ఇప్పుడే వేయించి ఉంచు. రెండేళ్ల తర్వాత ఏ గోడా చెక్కకుండా బిగించుకోవచ్చు.

ఈ ఆదివారం గది కొలతలు తీసి, కిటికీ, తలుపు, పైపులు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి ఫొటో పంపు. సింక్ పైనున్న కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుందో తప్పకుండా రాయి. గట్టు పెంచడానికి వీలవుతుందో లేదో దాన్ని బట్టే చెప్పగలను.

ప్రేమతో,
పెద్దమ్మ